ఎదురు మాటకు చోటుందా?

పాత టీకొట్ల గోడల మీద రెండు అట్టముక్కలు కనిపించేవి. ఒకటి ‘అప్పు రేపు’. రెండోది ‘ఇచ్చట రాజకీయాలు మాట్లాడరాదు’. మొదటి అట్టను జనం కాస్తో కూస్తో మన్నించారు. రెండోదాన్ని ఏనాడూ పట్టించుకోలేదు. దాన్ని వేలాడదీసిన కొట్టాయనే తెల్లవారుజామున పాలతో పాటు పేపరు కూడా తెప్పించి బల్ల మీద పడేసేవాడు. పొయ్యి మీద డికాషన్ మరిగేలోపు ఆ పేపరు నాలుగు ముక్కలయ్యేది. మెయిను పెద్దాయన చేతిలో, జిల్లా ఎడిషన్ వార్డు మెంబరు ఒళ్లో, ఆటల పేజీ కుర్రాళ్ల దగ్గర. సినిమా పేజీ కోసం ఎప్పుడూ ఒకరు ఎదురుచూస్తూనే ఉండేవారు. ఇక మాటలు మొదలు. మిర్చి క్వింటాలు ధర దగ్గర బయల్దేరి, సబ్‌స్టేషన్‌లో కరెంటు ఎందుకు పోతోందో తేల్చి, పిల్లను ఏ కాలేజీలో వేయాలో సలహా చెప్పి, మొన్న విడుదలైన సినిమాకు తీర్పు ఇచ్చి, ఎనిమిదింటికి ఎవరి పనికి వాళ్లు లేచేవారు.

కొట్టాయన భయం కొట్టాయనది. మాట ముదిరితే గ్లాసులు పగులుతాయి, ఇద్దరు ఖాతాదారులు మొహం చాటేస్తారు. అందుకని అట్ట కట్టాడు. కానీ ఆ మాటలు లేకపోతే టీ తాగడానికి ఇంట్లో వంటిల్లు చాలు, తన కొట్టుదాకా ఎవరూ రారని కూడా ఆయనకు తెలుసు.

ఈ రోజువారీ వాదనల్ని ఊసుపోని కబుర్లని తీసిపారేయడం చదువుకున్నవాళ్లకు అలవాటు. నేను ఒప్పుకోను. తెలుగునాట పెద్ద మార్పులు కొన్ని ఇలాంటి చోట్లే పుట్టాయి. బల్ల మీదో, అరుగు మీదో, లాంతరు వెలుగులోనో ఒకరు ‘అలా కాదు’ అన్నారు. వినడానికి నలుగురున్నారు. ఆ ‘అలా కాదు’ అనే హక్కు ఎవరికి ఉంది, ఎవరికి లేదు అన్నది చూస్తే ఊరు ఎలాంటిదో తెలిసిపోతుంది.

మాస్టారు, ఆటో అబ్బాయి, కొట్టామె

గుడివాడ వైపు ఒక ఊళ్లో నేను విన్న వాదన చెబుతాను. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సర్కారు బళ్లన్నింటినీ ఇంగ్లీషు మీడియంలోకి మారుస్తూ ఉత్తర్వు ఇచ్చింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ రోజుల్లో రాష్ట్రంలో ఈ వాదన జరగని టీకొట్టు లేదనుకుంటా. ఇక్కడ ఒకవైపు రిటైరైన తెలుగు మాస్టారు, మరోవైపు ఆటో నడిపే అబ్బాయి.

“తల్లి భాషలో చదవని పిల్లాడికి బుర్ర వికసించదురా” అన్నారు మాస్టారు.

“మరి మీవాణ్ణి ఏ మీడియంలో చదివించారండీ?”

ఈ ప్రశ్న వస్తుందని బల్ల మీదున్న వాళ్లందరికీ తెలుసు. మాస్టారు కోపం తెచ్చుకోలేదు. “ఇంగ్లీషులోనే. అందుకే చెబుతున్నాను. మావాడు లెక్క చేస్తాడు. ఎందుకలా చేశావురా అంటే చెప్పలేడు. తెలుగులోనూ చెప్పలేడు, ఇంగ్లీషులోనూ చెప్పలేడు.”

ఆటో అబ్బాయి కాసేపు గ్లాసు తిప్పుతూ కూర్చున్నాడు. “నాకు చెప్పడం వచ్చండీ. తెలుగులో ఎంతసేపైనా చెబుతాను. ఆటో లోనుకు వెళ్తే కాయితాలన్నీ ఇంగ్లీషు. పక్కనోణ్ణి బతిమాలి సంతకం ఎక్కడ పెట్టాలో అడిగాను. మా పిల్ల ఎవర్నీ అడక్కూడదు.”

ఆ మాటకు మాస్టారి దగ్గర జవాబు లేదు. అంతకుముందు మాస్టారి మాటకు ఆటో అబ్బాయి దగ్గరా లేదు. అప్పటిదాకా గిన్నెలు కడుగుతున్న కొట్టామె చెయ్యి తుడుచుకుంటూ అంది: “ఏ మీడియమైతేనేం అన్నయ్యగారూ, మా పిల్ల బళ్లో అయిదు తరగతులకీ ఒక్క టీచరమ్మే. ఆవిడకి ట్రైనింగంటే ఆ రోజు బడే లేదు.”

వాదన అక్కడితో మలుపు తిరిగింది. తెలుగా ఇంగ్లీషా అన్నది పక్కకు పోయి, రెండో టీచరు కోసం ఎంఈవోకు అర్జీ ఎవరు రాయాలి అన్న దగ్గరకు వచ్చింది. మాస్టారే రాస్తానన్నారు. అన్ని నెలల టీవీ చర్చల్లో నాకు వినపడని మాట ఆ కొట్టామె నోట వినపడింది. ఆమెను ఎవరూ చర్చకు పిలవలేదు. చెవిన పడేంత దూరంలో ఉంది, అంతే. ఆ దూరమే ముఖ్యం.

మాస్టారూ ఆటో అబ్బాయీ మర్నాడు మళ్లీ అదే బల్ల మీద కూర్చోవాలి. మాస్టారికి ఆస్పత్రికి వెళ్లాలంటే ఆ ఆటోయే దిక్కు. అబ్బాయి కూతురికి అక్షరాలు దిద్దించింది మాస్టారే. కాబట్టి మాట ఎంత పదునుగా ఉన్నా మనిషి తెగిపోయేదాకా వెళ్లదు. వాదించినవాడి ఇల్లూ వాకిలీ, అప్పూ సప్పూ, బీపీ మాత్రలతో సహా తెలిసి ఉండటం వల్ల వాడి అభిప్రాయం ఎక్కణ్నుంచి వచ్చిందో అర్థమవుతుంది. ముక్కూ మొహం తెలియనివాడితో వాదించేటప్పుడు మనకు దొరకనిది ఇదే.

వాదనను కొట్లాట కానివ్వకుండా నడపడం మనవాళ్లకు కొత్తగా నేర్పాల్సిన విద్య కాదు. అవధానంలో పృచ్ఛకుల మధ్య ఒకరిని ఏరికోరి అప్రస్తుత ప్రసంగానికి కూర్చోబెడతారు. సమస్య పూరిస్తున్న అవధానిని మధ్యలో ఆపి, ‘మీ ఇంట్లో కూర ఏమిటండీ’ లాంటి ప్రశ్న వేయడమే ఆయన పని. అవధాని విసుక్కోకూడదు, చమత్కారంగా జవాబు చెప్పి మళ్లీ పద్యంలోకి రావాలి. అడ్డొచ్చేవాడికి కూడా సభలో ఒక కుర్చీ వేసి, అతణ్ని ఓర్చుకోవడాన్ని పాండిత్యంలో భాగం చేసిన సంప్రదాయం ఇది. నాకు చాలా గర్వంగా ఉంటుంది దీన్ని తలచుకుంటే.

ఓపిక కూడా చాలా కావాలి. గిడుగు రామమూర్తి వాడుకభాష కోసం వాదన మొదలుపెట్టిన రోజుల్లో జయంతి రామయ్య పంతులు వంటి ఉద్దండులు ఎదురు నిలిచారు. 1911లో ఆంధ్ర సాహిత్య పరిషత్తు పెట్టి గ్రాంథికాన్ని కాపాడటానికి నడుం కట్టారు. సభల్లో, పత్రికల్లో, కరపత్రాల్లో ఏళ్ల తరబడి సాగింది ఆ పోరు. 1919లో గిడుగు ‘తెలుగు’ అనే పత్రికనే నడిపారు. ఇవాళ పేపర్లు, కథలు, పాఠాలు అన్నీ వాడుకలో ఉన్నాయంటే ఆ వాదన ఒక్క రోజులో తేలకపోయినా ఎవరూ వదిలిపెట్టకపోవడం వల్లే.

మాట దక్కనివాళ్లు

అయితే ఊరి రచ్చబండను, టీకొట్టును తలచుకుని మురిసిపోయే వ్యాసాలు చాలా వచ్చాయి. వాటిలో నాకు నచ్చనిది ఒకటుంది. ఆ చెట్టు నీడ అందరిదీ అన్నట్టు రాస్తారు. కాదు. బండ మీద ఎవరు కూర్చోవాలి, ఎవరు కిందనే నిలబడి చేతులు కట్టుకోవాలి అన్నది కులం తేల్చింది. నేను పైన చెప్పిన టీకొట్ల లాంటివాటిలోనే దళితులకు వేరే గ్లాసు ఉండేది. చూరులో దోపి ఉంచేవారు, తాగినవాళ్లే కడిగి మళ్లీ అక్కడ పెట్టాలి. గ్లాసే పంచుకోనివాడు మాట పంచుకుంటాడా?

ఎదురు మాటకు ఎంత మూల్యం చెల్లించాల్సి వచ్చిందో అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడును అడగాలి. 1985 జులైలో, మాదిగపల్లె వాళ్లు తాగే చెరువు నీళ్లను పాడుచేయొద్దని అక్కడివాళ్లు ఒక మాట అన్నారు. ఎవరి నీళ్లు వాళ్లు అడిగిన మాట అది. మర్నాడు, జులై 17న, పల్లె మీద దాడి జరిగింది. ఆరుగురు దళితులు హతమయ్యారు. బతికినవాళ్లు చీరాల చేరారు. ఊరి రచ్చబండ దగ్గర దొరకని న్యాయం కోసం కత్తి పద్మారావు, బొజ్జా తారకం వంటి వాళ్లు నిలబడగా దళిత మహాసభ పుట్టింది. చెరువు గట్టు మీద నొక్కేసిన గొంతు రాష్ట్రమంతా వినపడింది. కానీ అందుకు ఆరు ప్రాణాలు పోయాయి.

నిజాం రాజ్యంలో మాట దక్కనిది భాషకు. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధని థియేటర్‌లో సంఘ సంస్కార సభ జరిగింది. ఇంగ్లీషు, ఉర్దూ, మరాఠీల్లో ప్రసంగాలు సాగాయి. అల్లంపల్లి వేంకటరామారావు అనే న్యాయవాది లేచి తెలుగులో మాట్లాడబోతే సభలో చప్పట్లు, గోల. ఆయన్ని మాట్లాడనివ్వలేదు. తెలుగువాళ్లు లేచి బయటికొచ్చి అదే రాత్రి కూడి ఆంధ్ర జనసంఘానికి పునాది వేశారు. అదే పెరిగి 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన ఆంధ్ర మహాసభ అయింది. ఆ సురవరమే మరో మాటకు మరో రకం జవాబు చెప్పారు. తెలంగాణలో కవులే లేరని ఒకరు రాస్తే, ఊరూరి నుంచీ పద్యాలు తెప్పించి 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చువేశారు. తిట్టుకు తిట్టు రాసి ఊరుకుంటే అది నాలుగు రోజుల ముచ్చట అయ్యేది. ఆయన సాక్ష్యం తెచ్చి బల్ల మీద పెట్టారు.

ఇక ఆడవాళ్లు. టీకొట్టు బల్ల మీద ఆడమనిషి కూర్చుని పేపరు చదవడం ఇప్పటికీ ఎన్ని ఊళ్లలో చూస్తాం? వాళ్ల మాటలన్నీ కుళాయి దగ్గర, నాట్ల మడిలో, బీడీలు చుట్టే అరుగు మీద నడిచాయి. వాటిని చర్చలని ఎవరూ అనలేదు. ఉత్తరం ముక్క రాయగలిగినవాళ్లకు పత్రిక ఒక చోటు ఇచ్చింది. ఆంధ్రప్రభ వారపత్రికలో 1952లో మొదలై మాలతీ చందూర్ నాలుగు దశాబ్దాలకు పైగా నడిపిన ‘ప్రమదావనం’ శీర్షికకు ఇల్లాళ్లు వంట సందేహాలూ రాశారు, అత్తింటి గోడులూ రాశారు, ప్రపంచ సంగతులూ అడిగారు. చదువు రానివాళ్ల సంగతి?

దానికి జవాబు నెల్లూరు జిల్లా నుంచి వచ్చింది. 1991లో అక్కడ ‘అక్షర దీపం’ పేరుతో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం మొదలైంది. పగలంతా కూలి చేసి వచ్చిన ఆడవాళ్లు రాత్రిపూట బడికి వచ్చారు. వాచకంలో సీతమ్మ కథ అనే పాఠం ఉంది. తాగుబోతు మొగుడితో నలిగిపోయిన ఆడమనిషి కథ. పాఠం అయ్యాక మాట్లాడుకోవాలి, అది బోధన పద్ధతిలో భాగం. మాట్లాడుకున్నారు. సీతమ్మ గురించి మొదలైన మాట తమ ఇంటి గురించిన మాట అయింది. ఎవరింట్లో ఎంత కూలి సారా ప్యాకెట్టుకు పోతోందో, ఎవరి వంటి మీద ఎన్ని దెబ్బలున్నాయో ఒకరికొకరు చెప్పుకున్నారు. అప్పటిదాకా ఏ ఇంటి రహస్యం ఆ ఇంట్లోనే ఉండిపోయింది. అందరిదీ ఒకటే కష్టమని తెలిసేసరికి సిగ్గు పోయింది, కోపం వచ్చింది.

కలిగిరి మండలం దూబగుంటలో వర్ధినేని రోశమ్మ, ఆమె తోటివాళ్లు ఊళ్లో సారా కొట్టు మూయించారు. ఆ ఊరి కథ ‘ఆడవాళ్లు ఏకమైతే’ అనే పాఠమై మిగతా ఊళ్ల రాత్రిబడులకు చేరింది. ఆ ఊళ్లలో చదివినవాళ్లు, ‘దూబగుంటలో అయింది మనూళ్లో ఎందుకు కాదు’ అని అడిగారు. 1992లో నెల్లూరులో సారా వేలంపాటలు పదే పదే వాయిదా పడ్డాయి. అప్పటికి సారా సర్కారుకు పెద్ద రాబడి. వారుణి వాహిని పేరుతో ప్యాకెట్లలో ఊరూరికీ చేరేది. అలాంటి వ్యాపారాన్ని సంతకం పెట్టడం అప్పుడప్పుడే నేర్చుకున్నవాళ్లు ఆపేశారు. 1993 ఏప్రిల్‌లో ముందు నెల్లూరు జిల్లాలో, అదే ఏడాది అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం పెట్టారు. 1997లో దాన్ని ఎత్తేశారు. ఆ ఓటమిని దాచనక్కర్లేదు. కానీ ఒక లాంతరు, ఒక పాఠం, పదిమంది కూర్చునే చోటు ఇస్తే రోజువారీ మాట ఎంత దూరం పోగలదో అంతకంటే పెద్ద రుజువు నాకు మరొకటి కనపడదు.

బల్లలు ఏమయ్యాయి

చోటు కావాలని మన పెద్దలకు బాగా తెలుసు. హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం 1901లో పెట్టారు, హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం 1904లో వచ్చింది. 1914లో అయ్యంకి వెంకటరమణయ్య పూనికతో బెజవాడలో గ్రంథాలయాల వాళ్లంతా సభ పెట్టుకున్నారు. 1935లో పాతూరి నాగభూషణం కృష్ణా కాలువ మీద పడవలో పుస్తకాలు పంపారు. ఊళ్లో లైబ్రరీ అంటే పుస్తకాల బీరువా ఒక్కటే కాదు. ఒకరు పేపరు పైకి చదువుతారు, చదువురానివాళ్లు వింటారు, తర్వాత మాట్లాడుకుంటారు.

నేటికీ మన ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. జిల్లా కేంద్రాల్లో రీడింగు హాళ్లు నిండుగానే ఉంటాయి. గ్రూప్-2కీ, కానిస్టేబుల్ ఉద్యోగానికీ చదువుకునే పిల్లలు పొద్దున్నే వచ్చి సంచీ పెట్టి కుర్చీ పట్టుకుంటారు. వాళ్లకు నిశ్శబ్దం కావాలి, న్యాయమే. పేపర్ల బల్ల దగ్గర పెద్దవాళ్లు పెదవులు కదపకుండా చదువుకుని వెళ్లిపోతున్నారు. వాళ్లకు వేరే ఒక గది ఉంటే బాగుండు, మాట్లాడుకోవడానికి.

ఇరానీ హోటళ్ల సంగతి హైదరాబాదువాళ్లకు చెప్పక్కర్లేదు. పాలరాతి బల్ల, చెక్క కుర్చీలు, ఒక చాయ్ చెప్పి గంటన్నర కూర్చున్నా లేవమనని వెయిటరు. లకడీకాపూల్ ద్వారకా హోటల్‌లో కె. శివారెడ్డి చుట్టూ కూర్చుని కవిత్వం గురించి పోట్లాడుకున్న కుర్రకవులు తర్వాత పేరున్న కవులయ్యారు. మూల మీదున్న స్థలం ధర పెరిగేకొద్దీ పాత ఇరానీలు ఒక్కొక్కటే మూతబడ్డాయి. కొత్తగా వచ్చిన చాయ్ దుకాణాల్లో చాలావాటికి బల్లలే లేవు. పేపరు కప్పు పట్టుకుని నిలబడి తాగాలి, వెళ్లాలి. రెండు నిమిషాలు నిలబడ్డ మనిషి ఎవరితో వాదిస్తాడు? ఏం వింటాడు?

బదులుగా నగరానికి కొత్త రచ్చబండ ఒకటి వచ్చింది. అపార్టుమెంటు సంఘం సమావేశం. ఆదివారం పదకొండింటికి సెల్లారులో ప్లాస్టిక్ కుర్చీలు వేస్తారు. మెయింటెనెన్స్ పెంపు, మంజీరా నీళ్లు రాని రోజు ట్యాంకరు ఖర్చు, కుక్కల గొడవ, ఎవరి కారు ఎవరి గీత దాటింది. వీటిని చిల్లర తగాదాలనుకుంటే పొరపాటు. వేర్వేరు జిల్లాల నుంచి, వేర్వేరు కులాల నుంచి వచ్చి ఒకే కప్పు కింద ఎలా బతకాలో ఆ కుర్చీల్లోనే తేల్చుకుంటున్నారు. ఒక సమావేశంలో నేనున్నాను. పనిమనుషులు, డెలివరీ అబ్బాయిలు ఒక లిఫ్టే వాడాలని, రెండోది ‘మనకు’ ఉంచుకోవాలని తీర్మానం పెట్టారు. శుభ్రత అన్నారు, భద్రత అన్నారు. నాలుగో అంతస్తులో అద్దెకుండే అమ్మాయి లేచి, “వాళ్లు మన వంటింట్లో అన్నం వండొచ్చు గానీ మన పక్కన లిఫ్టులో నిలబడకూడదా అంకుల్?” అంది. అద్దెవాళ్లకు ఓటు లేదని సెక్రటరీ గుర్తుచేశారు. ఓటు అడగలేదు, మాట్లాడుతున్నానంది. ఆ పూట తీర్మానం వాయిదా వేశారు. దాని గురించి చర్చ జరిగినంతసేపూ అక్కడ పనిమనిషి ఒక్కరూ లేరు. ఒకామె మాత్రం మెట్లు తుడుస్తూ వింటోంది. చూరులో దోపిన గ్లాసుకూ ఈ రెండో లిఫ్టుకూ నాకు తేడా కనపడలేదు.

చట్టం ఇచ్చిన చోటు కూడా ఒకటుంది మనకు. గ్రామసభ. తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి పెట్టాలి. ఉపాధి హామీ పనుల మీద ఉమ్మడి రాష్ట్రంలో 2006లో మొదలైన సామాజిక తనిఖీ ఇంకా గొప్ప ఏర్పాటు. మస్టరులో ఎవరి పేరు ఉందో, ఎవరికి ఎంత చెల్లించినట్టు రాశారో ఊళ్లో పైకి చదివి వినిపిస్తారు. తర్వాత మండల కేంద్రంలో ప్రజావేదిక. చేయని పనికి తన పేరున డబ్బు డ్రా అయినట్టు విన్న కూలీ, ఆ పని రాసిన ఫీల్డ్ అసిస్టెంటు ముందే మైకు పట్టుకుని ‘నేను ఆ రోజు పనికే రాలేదు’ అని చెప్పడం ఎక్కడైనా చూస్తే తెలుస్తుంది, మాటకు ఎంత విలువుందో.

చాలా గ్రామసభలు మాత్రం పగలు పన్నెండింటికి పెడుతున్నారు. ఆ వేళకు కూలికి పోయినవాళ్లు చేలో ఉంటారు. పంచాయతీ ఆఫీసు వరండాలో పదిమంది సంతకాలు పెట్టి, ఫొటో దిగి, తీర్మానాల పుస్తకం మూసేస్తారు. దీన్ని మార్చడానికి కొత్త చట్టం అక్కర్లేదు, నిధులూ అక్కర్లేదు. రాత్రి ఏడున్నరకు పెట్టండి. ఒకసారి పంచాయతీ ఆఫీసు దగ్గర పెడితే తర్వాతిసారి ఎస్సీ కాలనీలో, ఆపైసారి తండాలో పెట్టండి. కుర్చీలు వేస్తే అందరికీ వేయండి, లేదంటే అందరూ పట్టా మీదే కూర్చోండి. పోయిన సభలో ఏ అర్జీ ఏమైందో ముందు చదవండి. తర్వాత సర్పంచి మాట్లాడేలోపే మైకు వెనక వరసలో కూర్చున్నవాళ్లకు ఇవ్వండి.